గర్భనిరోధక మాత్రయు బి-విటమిన్లును: కూనూరు, హైదరాబాదు, బెంగళూరు ప్రయోగశాలల చరిత్ర

1930వ సంవత్సరమున మైసూరు సంస్థాన ప్రభుత్వము తన ముఖ్యమైన ఆసుపత్రులలో సంతాననిరోధ సలహాకేంద్రములను తెరచుటకు ఉత్తరువు గావించెను. అది నాల్వడి కృష్ణరాజ ఒడెయరువారి పాలనాకాలము. దివాను మీర్జా ఇస్మాయిలు. ఒక ప్రభుత్వము తన ఖర్చుతో ఇట్టి కేంద్రములను నడుపుట ప్రపంచమునందు అదియే మొదలని చరిత్రకారులు చెప్పుదురు. స్వాతంత్ర్యానంతరము 1952లో మన నగరమునకు చేరువనున్న రామనగరమున, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, దినములు లెక్కించు పద్ధతిని గ్రామస్త్రీలకు నేర్పజూచిరి. చదువురానివారికి లెక్క తెలియుటకై రంగుపూసల దండలు గూడ తయారుచేసిరి. పూసల లెక్క ఆశించినంత ఫలింపలేదు. ఈ ప్రయత్నములన్నిటను స్త్రీ గర్భము ధరించుట యెట్లు ఆపవలెనను ప్రశ్నయే ప్రధానమై, ఆమె విస్తరిలో ఏమున్నదను ప్రశ్న వెనుకబడినది. ఆ రెండవ ప్రశ్నను మొదటిదానితో జతపరచి రక్తపరీక్షతో తేల్చ యత్నించినవారు మన దక్షిణదేశపు శాస్త్రజ్ఞులు. వారి కృషిని గూర్చి తెలుగున వివరముగ వ్రాసినది అరుదు. వృత్తిరీత్యా తెలుగు పాఠములు చెప్పు నాకు ఈ విషయమున అధికారము లేదని కొందరు మిత్రులు తలపవచ్చును. కాని ఇది చరిత్ర. పైగా మాటలతో ముడిపడిన చరిత్ర. అందుచేత సాహసించుచున్నాను.

మొదట మాత్ర సంగతి. స్త్రీ శరీరమందు సహజముగ పుట్టు ఈస్ట్రోజను, ప్రొజెస్టిరోను అను హార్మోనులను పోలిన పదార్థములను నోటిద్వారా ఇచ్చినచో అండము విడుదల కాదు. ఈ సూత్రముపై పింకసు, చాంగు, రాకు అను శాస్త్రజ్ఞులు అమెరికాలో పనిచేసి, 1956లో ప్యుర్టో రికో ద్వీపమున పేదస్త్రీలపై పెద్దయెత్తున పరీక్షలు ఆరంభించిరి. 1960లో అమెరికా ప్రభుత్వము ‘ఎనోవిడ్’ అను మాత్రను గర్భనిరోధమునకై ఆమోదించినది. ఆ తొలిమాత్రలో ప్రొజెస్టిరోను జాతి మందు దాదాపు 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజను జాతి మందు 150 మైక్రోగ్రాములు ఉండెడివి. నేడు మన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు ‘మాలా-ఎన్’ మాత్రలో మొదటిజాతి మందు 0.15 మిల్లీగ్రాములు, రెండవది 30 మైక్రోగ్రాములు మాత్రమే. ఆ మందులును ఈ మందులును ఒకటే కావు గనుక అంకెతో అంకె సరిపోల్చరాదు. అయినను తొలితరము స్త్రీలు ఎంత మోతాదు మ్రింగిరో దీనివలన కొంత తెలియును. మోతాదును సగమునకు సగము, ఆపై ఇంకను తగ్గించుటకు కారణము రక్తము గడ్డకట్టుట మున్నగు ఉపద్రవములు. విటమిన్ల సంగతి అప్పుడెవరి లెక్కలోనికిని రాలేదు.

అది లెక్కకు వచ్చినది 1966లో. మాత్రలు వాడు స్త్రీల మూత్రమున జాంథురెనిక్ ఆమ్లమను పదార్థము హెచ్చుగ పోవుచున్నదని ఇంగ్లండున రోజు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాను అను భాగము శరీరమందు నయాసినుగా మారు త్రోవలో బి-6 విటమిను అవసరము. అది చాలనిచో త్రోవ మధ్యలో సరకు నిలిచి జాంథురెనిక్ ఆమ్లమై బయటపడును. కావున మాత్ర వాడినవారికి బి-6 లోపించుచున్నదని అనుకొనిరి. 1973లో లండనునుండి వెలువడిన వ్యాసమొకటి ఇంకొక అడుగు ముందుకు వేసినది. మాత్రలు వాడుచు మనోవ్యాకులతకు లోనైన 22 మంది స్త్రీలను పరీక్షింపగా 11 మందికి నిజముగనే బి-6 లోపము కనబడెను. ఆ విటమిను ఇచ్చినమీదట వారికే ఉపశమనము కలిగెను. తక్కిన సగముమందికి కలుగలేదు. ఈ రెండవ వాక్యమును మందులమ్మువారు చెప్పుట మానుదురు.

ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. ఈస్ట్రోజను తానే ట్రిప్టోఫాను త్రోవలోని ఎంజైములను కదలించును. అనగా బి-6 తగినంత ఉన్నను పరీక్షలో లోపమున్నట్లు కనబడవచ్చును. కొలవవలసిన ధాన్యము తగ్గలేదు. కొలుచు మానికయే వంకరపోయినది. ఈ చిక్కు గ్రహించుటకు కొన్నియేండ్లు పట్టినది. విటమిను ఎ విషయమున దీనికి విపరీతమైన భ్రాంతి కలిగెను. మాత్ర వాడువారి రక్తమున విటమిను ఎ హెచ్చుగ కనబడును. చూచినవారు సంతోషింపవచ్చును. కాని కాలేయము ఆ విటమినును మోయు మాంసకృత్తును ఎక్కువ తయారుచేయుటచేత నిలువనుండి రక్తములోనికి అధికముగ వచ్చినదే తప్ప అది కొత్తగ ఆర్జించినది కాదు. గాదెలోని వడ్లు తెచ్చి వీధి అరుగుమీద పోసినంతమాత్రాన ఇంట పంట పెరిగినదనగలమా?

ఇక మనవారి కృషి. 1918లో నీలగిరులలోని కూనూరున, పాశ్చర్ ఇన్స్టిట్యూటులో ఒక గదిలో, మెకారిసన్ దొర బెరిబెరి వ్యాధిని గూర్చిన పరిశోధనను ఆరంభించెను. ఆ చిన్నగదియే 1928 నాటికి ‘న్యూట్రిషన్ రిసెర్చి లాబొరేటరీస్’ అయినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మికస్త్రీల గర్భకాలపు పాండురోగమును శోధించి, ఈస్టు సారముతో నయమగునని 1931లో ప్రకటించినది; ఆమె కూనూరునందును పనిచేసినది. ఆమె కనుగొనిన గుణము ఏ పదార్థమువలన కలుగుచున్నదో తేలినది తరువాత. దానిని ఫోలిక్ ఆమ్లమని పిలిచిరి. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగ నిర్మించిన బృందమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కృషిని తెలుగువారము సభలలో స్మరింతుము గాని, దాని మూలము మన దేశపు నూలుమిల్లు స్త్రీల రక్తహీనతలో ఉన్నదన్నమాట స్మరించుట తక్కువ. 2010లో అమెరికాలో ఫోలేటు చేర్చిన గర్భనిరోధక మాత్ర ఆమోదము పొందినప్పుడు ఈ రెండు చరిత్రలు ఒకే గుళికలో కలిసినవి. మాత్ర మానిన వెంటనే గర్భము నిలిచినచో శిశువు వెన్నెముకకు లోపము రాకుండుటకు అట్లు చేర్చిరి.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలినది. అప్పుడు దానికి నాయకుడు డాక్టరు వి. ఎన్. పట్వర్ధన్. తార్నాకలో స్థిరపడి 1969లో ‘జాతీయ పోషకాహార సంస్థ’ అను పేరు పొందినది. హైదరాబాదునకు వచ్చిన పిదప వారి దృష్టి నాకర్షించిన మొదటి వ్యాధులలో పెల్లగ్రా ఒకటి. మొక్కజొన్న తినువారి జబ్బని ప్రపంచమనుకొనిన ఆ చర్మవ్యాధి తెలంగాణములో జొన్నలు తిను పేదలకు వచ్చుచుండెను. జొన్నలలో ల్యూసిను అధికముగ ఉండుటయే దీనికి హేతువు కావచ్చునని గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో ప్రతిపాదించిరి. పాఠకులు గమనింపవలసినదేమనగా, పెల్లగ్రాలో చెడునది ట్రిప్టోఫాను నయాసినుగా మారు ఆ త్రోవయే. గర్భనిరోధక మాత్ర తాకినదియు దానినే. లండనులో క్రొత్తగ తోచిన త్రోవ హైదరాబాదు శాస్త్రజ్ఞులకు జొన్నరొట్టె మూలముగ అప్పటికే పరిచితము.

ఈ సంస్థలో డాక్టరు మెహతాబ్ బామ్జీగారి పని ప్రత్యేకముగ చెప్పదగినది. బి-2 అనబడు రైబోఫ్లావిను లోపము మన దేశమున సర్వసాధారణము. పెదవుల మూలలు పగులుట, నాలుక ఎఱ్ఱబడి మంటపుట్టుట దాని గుర్తులు. పాలు, పెరుగు, గ్రుడ్లు, ఆకుకూరలు తినగలవారికి రాదు. తెల్లబియ్యపు అన్నముతోను నీళ్లచారుతోను కడుపు నింపుకొనువారికి వచ్చును. అయితే నోరు పగులక మునుపే లోపమును కనుగొనుట యెట్లు? 1969లో ఆమె ప్రకటించిన వ్యాసము ఎఱ్ఱ రక్తకణములలోని ‘గ్లూటాథయోన్ రిడక్టేజు’ అను ఎంజైమును కొలచి రైబోఫ్లావిను స్థితిని తెలిసికొనవచ్చునని చూపినది.

ఈ ఎంజైము పని కొంత విడమరచి చెప్పవలెను. వ్యాసమునకు ఇదియే ఆయువుపట్టు. మనము పీల్చు ప్రాణవాయువులో కొంత భాగము శరీరమునందు అదుపుతప్పి తీవ్రపదార్థములుగా మారి, కణముల పొరలలోని కొవ్వును చెరుపుచుండును. ఇనుము తుప్పుపట్టుటయు, నిలువనూనె చెడువాసన కొట్టుటయు ఇట్టి చర్యలే. శరీరములోని గ్లూటాథయోను ఈ తీవ్రపదార్థములను శమింపజేయును. కాని ఆ క్రమములో తాను మైలపడును. మైలపడినదానిని ఉదికి మరల వాడుకకు తెచ్చు చాకిరేవు రిడక్టేజు ఎంజైము. ఆ రేవులో చాకలికి కావలసిన చవుడుమన్ను రైబోఫ్లావినునుండి పుట్టిన పదార్థము. బామ్జీగారి పరీక్షలో రక్తమును రెండు గాజునాళికలలో పోసి, ఒకదానిలో ఈ చవుడును అదనముగ కలిపెదరు. కలిపినను ఉదుకుడు వేగము పెరుగకున్నచో రేవులో చవుడు సరిపడ ఉన్నదని అర్థము. రెంటి నిష్పత్తి 1కి దగ్గరగ నుండును. కలుపగనే వేగము హెచ్చినచో అంతవరకు కొరత ఉన్నదన్నమాట. నిష్పత్తి 1.2 దాటినప్పుడు శంకింపదొడగుదురు.

1970వ దశకమున హైదరాబాదులో బామ్జీ, అహమ్మదు, లీలా అయ్యంగార్ల బృందము ఈ కొలతను గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీల విషయమున ప్రయోగించినది. వారి వ్యాసములు 1975లోను 1976లోను విదేశ పత్రికలలో వెలువడినవి. మాత్రల ప్రభావమున బి-విటమిన్ల స్థితి, ముఖ్యముగ రైబోఫ్లావిను స్థితి, దిగజారుచున్నదను అభిప్రాయమునకు ఈ వ్యాసములు బలము చేకూర్చినవి. విటమిన్లు ఇచ్చిచూచుటయు అప్పుడే జరిగినది. తక్కువ మోతాదు మాత్రలు వచ్చిన తరువాత వానిని వాడు భారతీయ స్త్రీలకు విటమిన్లిచ్చి చేసిన అధ్యయనము 1985లో ప్రకటితమైనది. ఈ నడుమ 1982లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు ఆహారమును కొలచిపెట్టి పరీక్షించి, మాత్ర వాడువారికిని వాడనివారికిని రైబోఫ్లావిను అవసరములో భేదము లేదని తేల్చిరి.

హైదరాబాదు తప్పా, కార్నెల్ తప్పా? నా బుద్ధికి తోచినంతలో రెండును ఒప్పే. కార్నెల్ స్త్రీలకు ఆహారము కొలచిపెట్టిరి. మన స్త్రీలకు కొలచిపెట్టువారెవరు? ఇంటిల్లిపాదికి వడ్డించి, గిన్నె అడుగున మిగిలినది తిను ఇల్లాలి రక్తములో మాత్ర మ్రింగకమునుపే రైబోఫ్లావిను అంచున నిలిచి యుండును. అంచుననున్నదానిని చిటికెనవ్రేలు తాకినను పడును. చావడి నడుమ నున్నదానిని త్రోసినను పడదు. కనుకనే ఏ దేశమున, ఏ ఆర్థికస్థితిలోని స్త్రీలను పరీక్షించిరో చెప్పక, ‘మాత్ర విటమిన్లను హరించును’ అని గాని ‘హరింపదు’ అని గాని వ్రాయుట అర్ధసత్యమగును.

హార్మోనునకును రైబోఫ్లావినునకును గల సంబంధమును ఇంకొక దిక్కునుండి చూపినది మన బెంగళూరే. ఊరివారు నేటికిని టాటా ఇన్స్టిట్యూటు అని పిలుచు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య పి. ఆర్. అడిగగారు కోడిగ్రుడ్డుతో పని ఆరంభించిరి. పచ్చి తెల్లసొనను గాజుపాత్రలో పోసి చూచినచో లేతపసుపు ఛాయ కనబడును. అది రైబోఫ్లావిను రంగు. ఆ విటమినును గ్రుడ్డులోనికి మోసికొనిపోవుటకు ఒక మాంసకృత్తు ప్రత్యేకముగ కలదు. పుట్టుకతో అది లోపించిన పెట్టల గ్రుడ్లలో పిల్ల ఎదుగక చనిపోవును. ఇట్టి వాహకమే గర్భిణులైన ఎలుకలలోను, అటుపిమ్మట కోతులలోను ఉన్నదనియు, ఈస్ట్రోజను దానిని పుట్టించుననియు అడిగగారి బృందము చూపినది. ఆ వాహకమును ఎదుర్కొను ప్రతిరక్షణను కలిగించినచో ఎలుకలలో గర్భము నిలువదని మూర్తి, అడిగగార్లు 1982లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. ఒక విటమినును ఆపి గర్భమును ఆపవచ్చునను ఈ ఆలోచన టీకాగా మానవులకు అందలేదు. కాని ఈస్ట్రోజను విటమినును ఒకచోటునుండి మరొకచోటికి నడిపించు అధికారి యని దీనివలన స్పష్టమైనది. తల్లి శరీరము బిడ్డకొరకు చేయు ఏర్పాటును, బిడ్డ లేనప్పుడు గూడ మాత్ర కొంత మేల్కొలుపుచున్నదా యని అడుగుటకు ఇది అవకాశమిచ్చినది.

ఇప్పుడు పత్రికలలో తరచు వినబడు ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అను మాటకు వత్తును. వెనుకటి తెలుగు శాస్త్రరచయితలు ప్రాణవాయువును ‘ఆమ్లజని’ యనిరి. వారైనచో దీనిని ‘ఆమ్లజనీకరణ భారము’ అనియుందురు. నా మటుకు ‘ఒత్తిడి’ కంటె ‘భారము’ నయముగ తోచుచున్నది. ఒత్తిడి యనగనే చదువరి మనస్సు ఆఫీసు పనిమీదికి పోవును. మాట యేదైనను విషయమిది: మాత్రలు వాడు స్త్రీల రక్తమున కొవ్వు చెడిన గుర్తులు హెచ్చుగ ఉన్నవని గత కొన్ని దశాబ్దులలో పలు అధ్యయనములు చెప్పినవి. రక్తములో రాగిధాతువు పెరుగుట గూడ ఈస్ట్రోజను లక్షణమే. 2012లో ఇరానుదేశపు షీరాజు నగరమునుండి వెలువడిన పరిశోధన మాత్ర వాడువారిలో గ్లూటాథయోనుకు సంబంధించిన ఎంజైములు తగ్గుటను, సి, ఇ విటమిన్లు ఇచ్చినమీదట అవి కోలుకొనుటను చూపినది. ఆ ఎంజైములలో ఒకటి ఏదనుకొన్నారు? రిడక్టేజు. 1969లో హైదరాబాదున విటమిను లోపమునకు కొలబద్దగా నిలిచిన ఎంజైమే నలుబదిమూడేండ్ల తరువాత ఆక్సీకరణ భారమునకు సాక్షిగా బోనెక్కినది. పేరు మారినది, సాక్షి మారలేదు. అయినను నేటి దుకాణములలో ‘ఆంటీఆక్సిడెంటు’ అని అమ్మునవి విశేషముగ సి, ఇ విటమిన్లు. చాకిరేవునకు చవుడందించు బి-2 పేరు అట్టపై అంత పెద్దయక్షరములలో కనబడదు. అది చవుక గనుక కాబోలు!

రక్తములోని అంకె మెరుగుపడుట వేరు, మనిషికి మేలు కలుగుట వేరు. పొగత్రాగు పురుషులు 29,133 మందిపై ఫిన్లండులో జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో బీటా కెరొటీను మాత్రలు తిన్నవారికి ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గుటకు బదులు నూటికి 18 వంతులు హెచ్చినది. బి-6ను రోజునకు గ్రాములకొలది మ్రింగినవారికి కాళ్లుచేతులు తిమ్మిరిపట్టి నడక తప్పినదని 1983లోనే అమెరికా వైద్యులు హెచ్చరించిరి. నీటిలో కరగు విటమిను ఎంత తిన్నను బయటికి పోవునను నమ్మకము అప్పటినుండి చెల్లదు. వైద్యుని అడుగక మాత్రను మానుటయు ప్రమాదమే. కోరని గర్భము తెచ్చు రక్తనష్టము ముందు ఈ లోపములు స్వల్పము.

అనంతపురము, చిత్తూరు, కోలారు ప్రాంతములనుండి వచ్చి మన నగరపు బట్టల కర్మాగారములలో కుట్టుపని చేయు తెలుగు తల్లులు అనేకులు. వారి బిడ్డలకు పాఠములు చెప్పుదుము గనుక వారి కష్టసుఖములు మావంటివారికి కొంత తెలియును. వేకువజామున వంటచేసి, రాత్రి మిగిలిన అన్నము డబ్బాలో పెట్టుకొని బస్సెక్కుదురు. నీరసమని మందులషాపులో అడిగినచో రంగుకాగితములో చుట్టిన విటమిను గోళీల పట్టీ చేతికి వచ్చును. ఆ ధరకు వారమునకు కొన్ని గ్రుడ్లు వచ్చును. గ్రుడ్డులో రైబోఫ్లావినుతోబాటు మాంసకృత్తులును ఉన్నవి. గోళీ నిరుపయోగమని నేననను. లోపము నిజముగ ఉన్నచో బి-కాంప్లెక్సు చవుకైన మంచి మందు. హైదరాబాదువారు చూపినదియు అదే. లోపమున్నదో లేదో అడుగకయే అమ్ముటతోనే నా పేచీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడెను. అదే సర్వే ప్రకారము వివాహిత స్త్రీలలో గర్భనిరోధక మాత్రలు వాడువారు నూటికి 5 మంది. శస్త్రచికిత్స చేయించుకొనినవారు దాదాపు 38 మంది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ కనుగొనిన సెంట్‌క్రోమన్ ఇప్పుడు ‘ఛాయ’ యను పేర ప్రభుత్వకేంద్రములలో లభించుచున్నది. అందులో ఈస్ట్రోజను లేదు. వారమునకొకటి చొప్పున (మొదటి మూడునెలలు రెండేసి) తినవలెను.

మాలా-ఎన్ పట్టీని చేతిలోనికి తీసికొని చూచినచో 28 మాత్రలుండును. ఇరువదియొకటి తెల్లనివి, హార్మోను మాత్రలు. కడపటి ఏడు వేరురంగువి. వానిలో ఒక్కొక్కటి 60 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేటు, అనగా ఇనుపధాతువు. మాత్ర తిను అలవాటు తప్పకుండుటకును, రక్తహీనతకు కొంత ఆసరాగను వానిని చేర్చిరి. అది మంచియేర్పాటు. ఆ యేడింటిలో రైబోఫ్లావిను లేదు.